ఎనిమిది గ్లాసులు

రెండో సోమవారం కూడా తూకపుముల్లు వెనక్కే జరిగింది. మొదటిరోజు నలభై మూడు కిలోలున్న బాబురావు, వారం తిరిగేసరికి నలభై రెండున్నరకి వచ్చాడు. ఇప్పుడు నలభై ఒకటిన్నర. మెషీను మీంచి దిగి చెప్పులు వేసుకుంటూ ఆయన మరదలి వంక చూసి, "ఇదీ సర్కారీ మెషీనే గదమ్మా, అది చెప్పిందల్లా నమ్మేస్తావా?" అన్నాడు.

ప్రేమకుమారికి నవ్వు రాలేదు. పదహారేళ్లుగా ఆమె ఢిల్లీలో ఆ ఆసుపత్రిలోనే నర్సు. మెషీను మీద అనుమానంతో అంతకుముందే తను ఎక్కి చూసుకుంది. తన బరువు ఎప్పుడూ ఉన్నంతే ఉంది, పైగా అరకిలో ఎక్కువే చూపించింది. మెషీనుకి బాబురావు మీద ప్రత్యేకంగా కక్షేమీ లేదన్నమాట.

డాక్టర్ రంగనాథ్ కాగితం చూసి కళ్లద్దాలు తీశాడు. బెంగుళూరు మనిషి, మాట పొదుపు. పేషెంటుని బయట బెంచీ మీద కూర్చోమని పంపించి, తలుపు దగ్గరికి వేశాడు.

"సిస్టర్, రోజుకి ఎనిమిది గ్లాసుల గుడ్డుపాలు తాగే మనిషి బరువు తగ్గడు. ఏం జరుగుతోంది మీ ఇంట్లో?"

"తాగుతున్నారు సర్. సీసాలు ఖాళీ అవుతున్నాయి."

"నేను కోయగలను. పై ముక్కనీ కింది ముక్కనీ కలిపి కుట్టగలను. నా పని దారం వరకే. ఆ కుట్టు అతుక్కోవాల్సింది ఆయన ఒంట్లో సత్తువతో. సత్తువ లేని ఒంటి మీద వేసిన కుట్టు వారం తిరక్కుండా విడిపోతుంది. అలా పోయినవాళ్లని నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఇంకొక్క వారం చూస్తాను. ముల్లు ముందుకి కదలకపోతే ఛాతీ తెరవను. ఒక గొట్టం వేసి ఇంటికి పంపించేస్తాను."

గొట్టం వేసి ఇంటికి పంపడమంటే ఏమిటో ప్రేమకుమారికి వివరించక్కర్లేదు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ రిజిస్టర్లో కనబడరు. మిగతా సర్జన్లు మంచం ఖాళీ అయితే చాలు, మనిషిని పడుకోబెట్టి కోసేస్తారు. ఈయన ఒక్కడే ముందు తిండి, తర్వాత కత్తి అంటాడు. అందుకని వార్డులో కుర్ర డాక్టర్లు ఈయనకి వంటాయన అని పేరు పెట్టారు. ప్రేమకుమారి మాత్రం ఏరికోరి బావగారిని ఈయన చేతిలోనే పెట్టింది.

బాబురావుకి జబ్బు అన్నవాహికలో, కింది భాగంలో. మే నెలలో చపాతీ అడ్డం పడుతోందన్నాడు. జూన్‌కి అన్నం అడ్డం పడింది. జులై వచ్చేసరికి పల్చటి పదార్థాలు తప్ప ఏవీ దిగడం లేదు. బేరియం మందు తాగించి ఎక్స్‌రే తీశారు, గొట్టం వేసి లోపలి నుంచి చిన్న ముక్క తీశారు. ఆ ముక్క రిపోర్టు వచ్చినరోజు ప్రేమకుమారి అక్క కమలాకుమారి ఆసుపత్రి వరండాలోనే హ్యాండ్‌బ్యాగులోంచి బైబిలు తీసింది.

"దీని మీద చెయ్యి పెట్టు ప్రేమా. ఆ మాట నీ నోటమ్మట ఆయన దగ్గర రాకూడదు. పుండు అని చెప్పు. ఆ పేరు వింటే ఆయన ఆ రోజే సగం చచ్చిపోతాడు."

ప్రేమకుమారి చెయ్యి పెట్టింది. అందులో ఆమెకి వింతేమీ కనబడలేదు. ఆ వార్డులో సగంమంది క్యాన్సర్ వాళ్లు పుండ్లతోనే పడుకుని ఉన్నారు. ఇంట్లోవాళ్లు చెప్పొద్దంటారు, డాక్టర్లు సరేనంటారు, నర్సులు అల్సర్ అని నవ్వుతూ చెబుతారు. ఆమే ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు.

పైగా ఆయన ఆమెకి ఒట్టి బావగారు కాదు. రేపల్లె దగ్గర పల్లెలో అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే, పన్నెండేళ్ల ప్రేమని రైలెక్కించి ఢిల్లీ తెచ్చుకుంది ఆయనే. నర్సు ట్రైనింగులో చేర్చిందీ, మొదటి డ్యూటీకి ఆసుపత్రి గేటు దాకా వచ్చి దిగబెట్టిందీ ఆయనే. వాళ్లకి పిల్లలు లేరు. ఆర్కేపురం ఆఫీసులో అప్పర్ డివిజన్ క్లర్కు, ఆదివారం మధ్యాహ్నం జరిగే తెలుగు ఆరాధనలో సంఘ పెద్ద. ఊరినుంచి కొత్తగా వచ్చిన ఏ నర్సు అమ్మాయికైనా ముందు గది చూపించేదీ, తర్వాత వాక్యం చెప్పేదీ ఆయనే. అలాంటి మనిషి పోతాడేమోనన్న భయం ప్రేమకుమారికి రోజూ నిద్ర లేవగానే మొదలయ్యేది.

ఆ భయంతోనే ఆమె ఇంకో పని చేసింది. రిపోర్టు వచ్చిన ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, మా బావగారికి ఆపరేషన్ ఉంది, సంఘమంతా గొలుసు ఉపవాసం పట్టాలని అడిగింది. గొలుసు ఉపవాసమంటే రోజుకొక ఇల్లు. పొద్దున్నించి సాయంత్రం ఆరు దాకా ఆ ఇంటివాళ్లు పచ్చి మంచినీళ్లతో ప్రార్థనలో ఉంటారు, మర్నాడు ఇంకో ఇల్లు అందుకుంటుంది. ఇరవై ఒక్క రోజులకి ఇరవై ఒక్క ఇళ్లు అక్కడికక్కడే పేర్లిచ్చాయి. ముందు వరసలో కూర్చున్న బాబురావు కళ్లు తుడుచుకున్నాడు. సైన్సు చదువుకున్న నర్సు, తిండి పెట్టి బతికించాల్సిన మనిషి ఎదురుగానే నిలబడి ఉపవాసం అడిగింది. అందులో ఏదైనా తిరకాసు ఉందేమోనని ఆమెకి గానీ, ఆ హాల్లో మరెవరికి గానీ తట్టలేదు.

ఆసుపత్రిలో మూడు వారాలపాటు మంచం ఇవ్వడం కుదరదన్నారు గనక తిండి కార్యక్రమం ఇంట్లోనే పెట్టుకున్నారు. బాబురావు వాళ్లది బేర్ సరాయ్‌లో కింది వాటా, రెండు గదులు. పై గదుల్లో యూనివర్సిటీ కుర్రాళ్లూ, కలెక్టర్లు కాబోయేవాళ్లూ ఉంటారు. ప్రేమకుమారి రాసిచ్చిన ప్రకారం కమల తెల్లవారకుండానే లేచి లీటరున్నర పాలు కాచి, పాలపొడి కలిపి, నాలుగు గుడ్లు గిలకొట్టి సన్నని సెగ మీద చిక్కబరిచి, చక్కెరా రెండు చెంచాల నూనే వేసి కవ్వంతో చిలికేది. పల్చటి గుడ్డలో వడగట్టి సీసాల్లో పోసి, ఎండలింకా తగ్గలేదు గనక నీళ్ల తొట్టిలో నిలబెట్టేది. రెండు గంటలకొక గ్లాసు, మొత్తం ఎనిమిది. ఏడింటికల్లా ఆవిడ స్కూలుకి పోవాలి, చిన్న పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం, ఇల్లు చేరేసరికి సాయంత్రం. ఈయన సెలవు మీద ఇంట్లోనే.

ఆ సోమవారం సాయంత్రం ప్రేమకుమారి అక్క వంటింటిని పోలీసుల్లా సోదా చేసింది. గుడ్లు లెక్కపెట్టింది. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడేమోనని గోటి మీద చుక్క వేసి చూసింది. కమల కొలిచే చెంచాని కొలిచింది.

"తాగుతున్నాడే బాబూ!" అంది కమల ఏడుపు గొంతుతో. "సాయంత్రం రెండు గ్లాసులు నా ముందే తాగుతాడు. పగటి సీసాలు నేనొచ్చేసరికి శుభ్రంగా కడిగి బోర్లించి ఉంటాయి."

పాతికేళ్ల కాపురంలో తిన్న కంచం ఎత్తని మనిషి సీసాలు కడిగి బోర్లిస్తున్నాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది. అక్కాచెల్లెళ్లిద్దరికీ రాలేదు. జబ్బు మనిషిలో మంచి మార్పు వచ్చిందనుకున్నారు. ప్రేమకుమారికి ఇంకో ఆలోచన పట్టుకుంది. తిన్నదంతా లోపలి గడ్డే తినేస్తోందనీ, గంగాళాలతో పోసినా లాభం లేదనీ.

బుధవారం ఒక మలయాళీ నర్సుతో డ్యూటీ మార్చుకుని మధ్యాహ్నమే బేర్ సరాయ్ వెళ్లింది. ఏషియాడ్ ఆటల కోసం ఊరంతా తవ్విపోసిన రోజులు. బస్సు దిగి, దుమ్ములో నడిచి, పాత పుస్తకాల కొట్టు పక్క సందు తిరిగేసరికి ఒంటి గంట అయింది. ఇంటి పక్క మెట్ల మీద పైగది మల్లేశం కనిపించాడు. కరీంనగర్ వైపు మనిషి, ముప్ఫయ్యేళ్లు దగ్గరపడ్డాయి, ముందు జుట్టు వెనక్కి పోయింది, కలెక్టర్ పరీక్షకి ఇదే ఆఖరి ఛాన్సు. మూతి మీద తెల్లటి నురగ మీసంతో పైకి ఎక్కబోతూ ఆగాడు.

"నమస్తే అక్కా! మీ బావ సార్ దేవుడక్కా. మెస్సుల రాజ్మా తినితిని పానం పోతుంటె, దినాం ఆరు గ్లాసులు పాలు, అండ్ల గుడ్డు గూడ! నేనూ మా రూమ్మేటూ సగం సగం. పదిహేను దినాలల్ల పాంటు బిర్రయింది సూడున్రి."

"ఆరా?" అంది ప్రేమకుమారి.

"ఆరే. ఎండకు కరాబైతయట, పారబోస్తె పాపమట. సారే పిలిచి ఇస్తడు."

ప్రేమకుమారికి ముందు కోపం వచ్చింది. ఆ బిర్రయిన పాంటు చూస్తే ఇంకా వచ్చింది. కానీ ఆ కోపం వెనకాలే, గడ్డ తినెయ్యలేదు, మల్లేశం తినేశాడు అన్న సంగతి తట్టి ప్రాణం లేచొచ్చినట్టయింది. తినేది మల్లేశమైతే ఆపించొచ్చు.

లోపలికి వెళ్లేసరికి బాబురావు చాప మీద కూర్చుని బైబిలు చదువుకుంటున్నాడు. పక్కన కడిగిన సీసాలు. మరదలు ఆ వేళప్పుడు వస్తుందని అనుకోలేదు గనక మొహం దొంగతనం బయటపడ్డ పిల్లాడిలా అయింది.

"ఆరు గ్లాసులు మల్లేశానికి పోస్తున్నారటగా బావగారూ."

ఆయన అబద్ధం చెప్పలేదు. అబద్ధం ఆయనకి చేతకాదు. "పారబొయ్యడానికి చేతులు రాలేదమ్మాయ్," అన్నాడు. "పాలు, గుడ్లు. మనం చిన్నప్పుడు చూశామా అవి?"

"అసలెందుకు తాగట్లేదు?"

"సంఘమంతా నా కోసం పస్తు పడుకుంటంటే నేను కూర్చుని గుడ్లూ పాలూ తాగనా? మొన్న మాణిక్యం గారి వంతు. ఎనిమిదో నెల కడుపుతో ఉన్న కోడలు కూడా మధ్యాహ్నం దాకా ఏం ముట్టలేదంట. నేను సంఘ పెద్దనమ్మా. ఇరవై ఒక్క రోజులూ నావే అనుకున్నా. సాయంత్రం ఆరు తర్వాత తాగుతూనే ఉన్నాగా."

"మీకు బరువు పెరగాలి బావగారూ! నేను వందసార్లు చెప్పాను."

"చెప్పావు. నేనూ ఆలోచించా." ఆయన బైబిలు మూసి పక్కన పెట్టాడు. ఎదుటివాళ్లకి ఓపిగ్గా విడమరిచి చెప్పే సంఘ పెద్ద గొంతు వచ్చేసింది. "నాకున్నది పుండు. పుండు మీద రోజంతా ఏదో ఒకటి పోస్తా ఉంటే ఎట్టా మానుద్ది? ఆఫీసులో నాగభూషణానికి కడుపులో పుండంటే డాక్టరు ఖాళీగా ఉంచమన్నాడు, మానింది. పేగుకి కాస్త సెలవిస్తే, ఇంతమంది ప్రార్థన ఉంటే, పుండు మానకుండా ఎక్కడికి పోద్ది? మానితే ఛాతీ చీల్చే పనే లేదుగా. పుండుకి అంత పెద్ద ఆపరేషన్ ఎందుకని నేను అడిగితే నువ్వూ మీ అక్కా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారు. డాక్టర్లు కదా, కొయ్యడానికి వాళ్లకేదో ఒక వంక కావాలి అనుకున్నా."

ఆయన మాటల్లో తప్పు ఎక్కడుందని వెతికితే ప్రేమకుమారికి ఎక్కడా దొరకలేదు. పుండే అయితే ఆయన చేసినదంతా తెలివైన పనే. తను చెప్పిన అబద్ధాన్ని ఆయన నిజాయితీగా నమ్మాడు, నమ్మి దానికి తగిన వైద్యం చేసుకున్నాడు. ఈ పదిహేను రోజుల్లో ఒంట్లోంచి పోయిన కిలోన్నర తన నోటి మాట వల్లే పోయింది.

బైబిలు చాప మీద ఆయన చేతికి దగ్గరగా ఉంది. అక్కకి ఇచ్చిన ఒట్టు గుర్తొచ్చింది. ఒట్టు తప్పితే అక్క జన్మలో మాట్లాడదేమోనని భయమేసింది. ఆ పేరు వినగానే నిజంగానే గుండె ఆగిపోతుందేమోనని కూడా భయమేసింది. అలా ఆగిపోయినవాళ్లని ఆమె పదహారేళ్లలో ఒక్కళ్లని కూడా చూడలేదన్న సంగతి అప్పుడే మొదటిసారి తట్టింది. తిండి లేక పోయినవాళ్లని మాత్రం చాలామందిని చూసింది.

"పుండు కాదు బావగారూ. క్యాన్సర్."

పైన గదిలో ఎవరో రేడియో పెట్టారు. బాబురావు చాప అంచు పీచుని వేలితో సర్దాడు. సగం చచ్చిపోలేదు. అంతా బతికే ఉండి, ముందు ఒకటే అడిగాడు.

"మీ అక్కకి తెలుసా?"

"తెలుసు. మొదట్నించీ."

"పాపం," అన్నాడు. తర్వాత, "కోస్తే ఏమవుద్ది? ఉన్నదున్నట్టు చెప్పు. నర్సులాగా చెప్పు, మరదల్లాగా కాదు."

"ఇది పెద్ద ఆపరేషన్. బలం ఉన్నవాళ్లలో కూడా కొంతమంది పోతారు. బలం లేనివాళ్లలో చాలామంది పోతారు. గట్టెక్కినా మళ్లీ రాదని చెప్పలేం. కొయ్యకపోతే మాత్రం ఎవరూ మిగలరు. వచ్చే సోమవారానికి ముల్లు కదలకపోతే డాక్టరుగారు కొయ్యనన్నారు." చెప్పేటప్పుడు గొంతు నర్సులాగే ఉంది. చెప్పడం అయ్యాక మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "నన్ను పెంచారు. నేనే మీకు అబద్ధం చెప్పాను. సంఘంలో లేచి ఉపవాసం అడిగిందీ నేనే."

ఆమె ఏడుపు అయ్యాక బాబురావు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు. ఉపవాసం పట్టినవాడు ప్రార్థన చేసి విడవాలి, ఊరికే విడవకూడదు. మామూలుగా ఆయన ప్రార్థన మొదలుపెడితే పిల్లలు నిద్రపోతారు. ఆ రోజు రెండే ముక్కలు. "ప్రభువా, తెలీక చేశాను. ఇప్పుడు తింటాను."

"మిగిలిందేమన్నా ఉందా, అంతా కలెక్టరుగారికి పోసేశానా?" అని అడిగాడు.

సాయంత్రం వాటా రెండు గ్లాసులు ఉన్నాయి. ఒకటి తాగడానికి ముప్పావుగంట పట్టింది. సగంలో ఒకసారి వెనక్కి వచ్చింది. తుడుచుకుని మళ్లీ మొదలుపెట్టాడు. గ్లాసు కింద పెట్టాక అన్నాడు, "నాకు తెలిసిందని మీ అక్కకి చెప్పమాక. నా దగ్గర దాచాలన్న పట్టుదల మీదే అది నిలబడి ఉంది. ఆపరేషన్ అయ్యేదాకా దాచుకోనియ్యి."

అలా ప్రేమకుమారి నెత్తిన రెండో ఒట్టు పడింది. ఒకే ఇంట్లో ఒకరికొకరు తెలియకుండా ఇద్దరూ ఒకే మాట దాచుకోవడం, మధ్యలో ఆమె. ఆ రోజుల్లో ఆమెకి వార్డే హాయిగా అనిపించేది.

మల్లేశాన్ని పిలిచి సంగతి చెబితే అతని మొహం పాలిపోయింది. "అంటె నేను సార్ మందు తాగిన్నా అక్కా?" అన్నాడు. మర్నాడు పొద్దున గుమ్మం ముందు పాలపొడి డబ్బా ఒకటి కనిపించింది. ఎవరు పెట్టారని కమల ఊరంతా అడిగింది.

సోమవారానికి ముల్లు నలభై రెండు దాటింది. ఐదు రోజుల్లో అంత పెరగడం నీరు చేరడం వల్ల కాదు కదా అని డాక్టర్ రంగనాథ్ కాళ్లు నొక్కి చూసి, రక్తపరీక్ష చేయించి, ఇంకో రెండు వారాలు గడువిచ్చాడు. గొలుసు ఉపవాసం ఇరవై ఒక్క రోజులూ నడిచింది. దాన్ని ఆపించాలని బాబురావు అనుకోలేదు. పస్తు వాళ్ల వంతు, తాగడం నా వంతు అన్నాడు. రోజుకి ఎనిమిది గ్లాసులు, కొన్ని రోజులు తొమ్మిది. తాగడమనేది అంత కష్టమైన ఉద్యోగమని ముప్ఫయ్యేళ్ల సర్వీసులో తనకి తెలియలేదనేవాడు. ఆగస్టు మూడో వారానికి నలభై నాలుగున్నర.

ఆపరేషన్ రోజు పొద్దున వీల్‌చెయిర్ కదలబోతుంటే కమల ఆయన చెయ్యి పట్టుకుంది. "పుండే కదండీ, భయపడమాకండి. తీసేస్తారు, అయిపోద్ది."

"అవునే, పుండే," అన్నాడాయన. ప్రేమకుమారి గోడ వైపు తిరిగి నిలబడింది.

లోపల ఆరున్నర గంటలు పట్టింది. డాక్టర్ రంగనాథ్ పని అయ్యాక పొట్ట పక్కనుంచి పేగులోకి సన్నటి గొట్టం ఒకటి అమర్చి వదిలాడు. పైన కుట్టు అతుక్కునేదాకా నోటితో చుక్క నీరు కూడా పోయకూడదు, తిండి మాత్రం ఆగకూడదు. రెండోరోజు నుంచి ఆ గొట్టంలోంచి చక్కెర నీళ్లు, తర్వాత పల్చటి పాలు, ఆ తర్వాత కమల చిలికి పంపిన పాలే ఇంకా పల్చన చేసి చుక్కచుక్కగా పంపేవాళ్లు. "రుచి లేకపోతే లేదు గానీ, మింగే బాధ తప్పింది," అని, గొంతు ఇంకా రాక, బాబురావు కాగితం మీద రాసి చూపించాడు. ఏడోరోజు జ్వరం వచ్చింది. కుట్టు విడిచిందేమోనని ప్రేమకుమారి ఆ రోజంతా మంచం దగ్గరనుంచి కదల్లేదు, ఛాతీ గొట్టంలోంచి నీరు చేరే డ్రెయిన్ సీసాలో రంగు మారిందా అని పదినిమిషాలకోసారి చూసింది. రంగు మారలేదు. ఊపిరితిత్తిలో చేరిన కఫం వల్ల వచ్చిన జ్వరమది, దగ్గించి దగ్గించి తగ్గించారు. పదకొండోరోజు మందు తాగించి ఎక్స్‌రే తీస్తే కుట్టు ఎక్కడా కారలేదు. ఆ సాయంత్రం డాక్టర్ రంగనాథ్ స్వయంగా ఒక చెంచాడు నీళ్లు ఆయన నోట్లో పోసి, దిగిందా అని అడిగాడు. దిగింది. "కుట్టు నాది కాదు, సిస్టర్, పాలది," అన్నాడు వెళుతూ వెళుతూ. ఆయన అంత పొడుగు మాట మెచ్చుకోలుగా అనడం ఎవరూ వినలేదని వార్డులో రెండురోజులు చెప్పుకున్నారు.

అక్టోబరులో ఒక ఆదివారం బాబురావు మళ్లీ ఆరాధనకి వచ్చాడు. పాస్టర్ రాజరత్నం గారు, సాక్ష్యాలున్నవాళ్లు చెప్పొచ్చు అనగానే ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"నాకు వచ్చింది పుండని మీ అందరికీ చెప్పారు. నాకూ అదే చెప్పారు. పుండు కాదు, క్యాన్సర్."

ఆ పేరు అక్కడ ఎవరూ పైకి అనరు. ఆ జబ్బు అంటారు, లేకపోతే చేత్తో సైగ చేస్తారు.

"మీరు నా కోసం పస్తులున్నారు. ఆ రుణం తీరేది కాదు. నేనూ తెలీక పదిహేను రోజులు పస్తున్నా, చావు దగ్గరకి పోయా. మా ప్రేమ నిజం చెప్పాక తిన్నా. ఆపరేషన్‌కి తట్టుకున్నది ఆ తిండితోనే. మళ్లీ రాదని డాక్టరుగారు చెప్పలేదు, నేనూ అడగలేదు. మీ ఇళ్లల్లో ఎవరికన్నా వస్తే దాని పేరు వాళ్లకి చెప్పండి. చెప్పి, ముందు తినిపించండి."

కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు నాలుగో వరసలో ప్రేమకుమారి పక్కనే కమల ఉంది. ప్రేమకుమారికి అటు తిరిగి చూసే ధైర్యం లేదు. ఒట్టు తప్పిన సంగతి ఇంతమంది ముందు బయటపడింది. పాట మొదలైంది. పాట మధ్యలో కమల తల తిప్పకుండానే అడిగింది.

"ఎప్పుడు చెప్పావు?"

"జులైలో. ఆయన తన పాలు మల్లేశానికి పోసేస్తున్నారని నాకు తెలిసిన రోజు."

"అంటే ఆపరేషన్ రోజు పొద్దున…"

"తెలిసే అన్నారక్కా."

పాట అయింది, ఆశీర్వాదం అయింది, అందరూ లేచి బయట చెట్టు కింద పులిహోరా టీ ఇస్తున్న బల్ల దగ్గరికి నడిచారు. అక్కాచెల్లెళ్లిద్దరే బెంచీ మీద మిగిలారు. అక్క ఇప్పుడు అరుస్తుందని ప్రేమకుమారి చూస్తోంది.

"నాలుగు నెలల్నించి ఒక్క ముద్ద సరిగ్గా దిగలేదే నాకు," అంది కమల. "ఎక్కడ నోరు జారుద్దోనని ఆ మాట గొంతులో పెట్టుకు కూచున్నా. ముద్ద పెట్టుకుంటే దానికి తగిలి ఆగిపోయేది. నీళ్లు పోసి తోసేదాన్ని. మీరిద్దరూ ఆయన గ్లాసులు చూసుకుంటున్నారు గదా అని ఎవరికీ చెప్పలా."

ప్రేమకుమారి అప్పుడు తల తిప్పి అక్కని చూసింది. జాకెట్టు భుజం మీంచి జారిపోతోంది. మెడ ఎముకలు రెండూ పైకి తేలి ఉన్నాయి. గాజులు మోచేతి దాకా ఎక్కుతున్నాయి. ప్రతి సోమవారం బాబురావుని తూచి కాగితం మీద రాసిన నర్సు, ఎనిమిది గ్లాసులు చిలికిన మనిషిని ఒక్కసారి కూడా కన్నెత్తి చూడలేదు. ఎవరూ చూడలేదు.

"క్షమించక్కా."

"అది తర్వాత." కమల పమిటతో మొహం తుడుచుకుని, కిటికీలోంచి బయట బల్ల వైపు చూసింది. "ప్రేమా, ఆకలేస్తోందే."

ప్రేమకుమారి పరుగులాంటి నడకతో వెళ్లి ఆకు నిండా పులిహోర పెట్టించుకు వచ్చింది. కమల బెంచీ మీదే కాళ్లు మడిచి కూర్చుని, మాట్లాడకుండా, నీళ్లు ముట్టకుండా చివరిదాకా తింది. తిని, ఖాళీ ఆకు చెల్లెలి చేతికిచ్చి, ఇంకొంచెం పెట్టించుకు రమ్మంది.